ఏది ముందు? ఎవరి గడియారం ప్రకారం?

ఇంజనీరింగు మొదటి సంవత్సరం ఫిజిక్సు పరీక్షలో సాపేక్ష సిద్ధాంతం మీద రెండు పేజీలు బరికేసి మార్కులు కొట్టేసిన ఘనుణ్ణి నేను. ఫార్ములాలన్నీ కంఠతా వచ్చు, అర్థం మాత్రం సున్నా :) ఇన్నేళ్ళకి దాని అవసరం ఆఫీసులో వచ్చిపడింది.

ఒక రాత్రి ప్రొడక్షన్ పడిపోయింది. రెండు సర్వర్ల లాగులు పక్కపక్కన పెట్టి చూశాను. మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు చేసిన మార్పు ఒకదాంట్లో 2:10:04కి ఉంది, మొదటి ఎర్రర్ రెండోదాంట్లో 2:10:07కి ఉంది. ఇంకేముంది, "అంతా నీవల్లే" అని అందరి ముందూ కడిగేశాను. తీరా తెల్లారాక తేలిందేమిటంటే, రెండో సర్వర్ గడియారం 5 సెకన్లు ముందు నడుస్తోంది! అంటే ఎర్రరే ముందొచ్చింది. పాపం వాడి తప్పేమీ లేదు.

ఈ గడియారాల గొడవేంటో చూద్దామని వెతికితే లెస్లీ లాంపోర్ట్ 1978లో రాసిన పేపర్ దొరికింది. వేర్వేరు యంత్రాల్లో జరిగిన రెండు పనుల్లో ఏది ముందో ప్రతిసారీ చెప్పలేం, ఒకదాన్నుంచి ఇంకోదానికి కబురు వెళ్ళే వీలుంటేనే చెప్పగలం అంటాడాయన. ఈ ఆలోచనకి మూలం సాపేక్ష సిద్ధాంతమేనని ఆయనే చెప్పాడు. అలా 1905 నాటి ఐన్‌స్టీన్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను, ఈసారి మార్కుల కోసం కాదు.

ఆయన చెప్పిన రైలు ఉదాహరణే మన గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి పెట్టి చూద్దాం. అది ఏదో చిన్న స్టేషన్లో ఆగకుండా పోతోంది. ఇంజను మీదా చివరి పెట్టె మీదా పిడుగులు పడ్డాయి. ఆ రెండు చోట్లకీ సరిగ్గా మధ్యలో ప్లాట్‌ఫాం మీద మీరున్నారు. రెండు మెరుపులూ మీకు ఒకేసారి కనిపించాయి, కాబట్టి రెండూ ఒకేసారి పడ్డాయంటారు. రైలు మధ్యలో కూర్చున్న మీ ఫ్రెండు ఇంజను వైపు మెరుపుకి ఎదురెళ్తున్నాడు కదా, వాడికి అదే ముందు కనిపిస్తుంది.

"వాడు కదుల్తున్నాడు కాబట్టి అలా అనిపించింది, అంతే" అంటారా? అసలు మెలిక ఇక్కడే ఉంది. కాంతి వేగం ఎవరు కొలిచినా సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లే. వాడి లెక్కలో వాడు కదలకుండా కూర్చునే ఉన్నాడు, రెండు చివరలూ సమాన దూరం, కాంతి వేగమూ ఒకటే. కాబట్టి ఇంజను మీద పిడుగు నిజంగానే ముందు పడింది. మీరూ కరెక్టే, వాడూ కరెక్టే! "ఒకేసారి" అన్న మాటకి అందరికీ వర్తించే అర్థం లేదు.

మన రైళ్ళ వేగానికి ఆ తేడా సెకనులో లక్ష కోట్లవ వంతు కూడా ఉండదు. కానీ జీపీఎస్ ఉపగ్రహాల దగ్గర అలా కాదు. వేగం వల్ల వాటి గడియారాలు రోజుకి 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి, గురుత్వం తక్కువ కావడం వల్ల 45 ముందుకెళ్తాయి. మిగిలిన 38ని సరిచెయ్యకపోతే ఒక్క రోజులోనే దారి 10 కిలోమీటర్లు తప్పుతుంది.

అలాగని కారణం కంటే ముందు ఫలితం ఎవరికీ కనిపించదు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాంతి వెళ్ళేంత వ్యవధి ఉంటే, ఆ వరస ఎవరు చూసినా మారదు.

మా సర్వర్ ఐదు సెకన్ల తేడాకి ఐన్‌స్టీన్‌కీ సంబంధం లేదు లెండి, అది ఉత్త నిర్లక్ష్యం. కానీ "ఏది ముందు?" అనేముందు "ఎవరి గడియారం ప్రకారం?" అని అడగడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నా. ఆ కుర్రాడికి అందరి ముందే సారీ చెప్పాను. "పర్లేదన్నా" అన్నాడు. తిట్టడం మాత్రం ముందే అయిపోయింది. ఆ వరస ఏ గడియారంతో చూసినా మారదు.