సంతకం పెట్టే వయసు

2025 మార్చి 23, ఆదివారం, జెర్సీ సిటీ

పురుషుల కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటులో చివరి పదహారు జట్లు ఇవాళ తేలాయి. పదహారూ నాలుగు పెద్ద కాన్ఫరెన్సులవే, అంటే కాలేజీల కూటములవే. ఎస్‌ఈసీవి ఏడు, బిగ్ టెన్‌వి నాలుగు, బిగ్ 12వి నాలుగు, ఏసీసీ నుంచి డ్యూక్ ఒక్కటి. చిన్న కాలేజీ ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు.

మూడేళ్ళ కిందట ఇదే మార్చిలో మా ఊరంతా సెయింట్ పీటర్స్ పేరే. న్యూఆర్క్ అవెన్యూలో మన కిరాణా కొట్లనుంచి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ఉంటుంది ఆ కాలేజీ. జట్టు గుర్తు నెమలి. 15వ సీడ్‌గా వెళ్ళి కెంటకీని అదనపు సమయంలో 85-79తో ఓడించింది. తర్వాత ముర్రే స్టేట్‌ని, పర్డ్యూని కూడా పంపేసి చివరి ఎనిమిదిలోకి వచ్చింది. అంతకుముందు ఏ 15వ సీడూ అంతదూరం రాలేదు. బాస్కెట్‌బాల్ నియమాలు తెలియని మనవాళ్ళు కూడా టీవీల ముందు నిలబడిపోయారు.

ఆ నెల గడిచేసరికి కోచ్ షహీన్ హాలోవే తాను చదివిన సీటన్ హాల్‌కి వెళ్ళాడు. ఎన్‌డెఫో అనే ఆటగాడు ఆయన వెంటే వెళ్ళాడు. అతని సహచరులు ఎడర్ట్ బ్రయంట్‌కి, బ్యాంక్స్ సెయింట్ బొనవెంచర్‌కి. వాళ్ళను తప్పుపట్టడం అన్యాయం. ఇంజినీరు ఎక్కువ జీతానికి కంపెనీ మారితే ఇంటిల్లిపాదీ సంతోషిస్తాం. కానీ ఆ జట్టు మళ్ళీ అలా నిలబడలేదన్నది కూడా నిజం.

మార్చి 24, సోమవారం

కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఇవాళ తెరిచారు. టోర్నమెంటు ఇంకా నడుస్తూనే ఉంది. ఈ వారం ఆడాల్సిన కుర్రాడికి ఇవాళే ఫోన్లు.

అమెరికాలో ఆడించినవాళ్ళకి డబ్బు రావడం కొత్త కాదు. ఈ టోర్నమెంటు ప్రసారానికి సీబీఎస్, టర్నర్ సంస్థలు 2032 దాకా పొడిగించిన ఒప్పందం ఎనిమిదేళ్ళకి 880 కోట్ల డాలర్లు. ఆడినవాళ్ళకి రావడమే కొత్త. 2014లో కనెక్టికట్‌ని గెలిపించిన షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు ఆకలితో పడుకుంటానని విలేకరులతో చెప్పాడు. ఆ తర్వాత వారానికే ఆటగాళ్ళకి భోజనం మీద పరిమితులు ఎత్తేయాలని కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ తీర్మానించింది. అంతకుముందు వాళ్ళు ఎన్నిసార్లు తినొచ్చో కూడా నియమం ఉండేది!

మలుపు 2021. ఏప్రిల్‌లో, మొదటిసారి కాలేజీ మారేవాళ్ళు ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న నిబంధన తీసేశారు. జూన్ 21న ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఒక్కమాటగా ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. జులై 1 నుంచి ఆటగాడు తన పేరు, రూపం అమ్ముకుని సంపాదించవచ్చన్నారు. దాన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు. డబ్బు ఒక్కటే వచ్చినా, స్వేచ్ఛ ఒక్కటే వచ్చినా ఇంత మార్పు వచ్చేది కాదు. రెండూ ఒకే వేసవిలో వచ్చాయి. 2024లో ఎన్నిసార్లు మారినా అడ్డు లేదన్నారు. దాంతో ప్రతి ఆటగాడూ ప్రతి ఏడాదీ మళ్ళీ బేరానికి వస్తున్నాడు.

మార్చి 27, గురువారం

మయామీ విశ్వవిద్యాలయం సంగతి రాసిపెట్టుకోవాలి. 2022 వసంతంలో కాన్సస్ స్టేట్ నుంచి నిజెల్ ప్యాక్‌ని తెచ్చుకున్నారు. రెండేళ్ళకి 8 లక్షల డాలర్లు, పైన కారు. ఇచ్చిన వ్యాపారి ఆ అంకెని దాచకుండా ప్రకటించాడు. వెంటనే అదే జట్టులో అప్పటికే ఆడుతున్న ఐజయా వాంగ్ తరఫు ఏజెంటు, మావాడికీ పెంచకపోతే పోర్టల్‌లోకి వెళ్తామన్నాడు. అందులో తప్పేముంది? పక్కవాడి జీతం తెలిశాక ఎవరైనా అడిగే మాటే. చివరికి వాంగ్ ఉండిపోయాడు. మరుసటి ఏడు ఇద్దరూ కలిసి జట్టుని ఫైనల్ ఫోర్ దాకా తీసుకెళ్ళారు.

ఆ జట్టు కోచ్ జిమ్ లర్రనాగా గత డిసెంబర్‌లో, సీజను మధ్యలోనే తప్పుకున్నాడు. అంత గొప్ప ఏడాది తర్వాత కూడా ఎనిమిదిమంది వెళ్ళిపోతామన్నారని, అలసిపోయానని చెప్పాడు. అంతకు రెండు నెలల ముందే వర్జీనియాలో టోనీ బెనెట్ మానుకున్నాడు. 2019లో కప్పు గెలిపించిన మనిషి. ఆటగాళ్ళకి డబ్బు అందడం న్యాయమేనంటూనే, ఈ పద్ధతికి తాను సరిపోనన్నాడు. ఆ రెండు మాటలూ కలిపి చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఏప్రిల్ 2, బుధవారం

2017 సెప్టెంబరులో ఎఫ్‌బీఐ కాలేజీ బాస్కెట్‌బాల్ మీద కేసులు పెట్టింది. బ్రయాన్ బోవెన్ అనే కుర్రాడు లూయివిల్‌లో చేరేలా అతని కుటుంబానికి లక్ష డాలర్లు ఇవ్వడానికి అడిడాస్ మనుషులు ఒప్పుకున్నారన్నది అందులో ఒకటి. మరుసటి ఏడు ముగ్గురికి నేరం రుజువైంది. వాళ్ళు మోసం చేసింది విశ్వవిద్యాలయాన్నేనని జ్యూరీ తేల్చింది. తనకేమీ తెలియదన్న ఆ కుర్రాడు కాలేజీలో ఒక్క ఆటా ఆడలేకపోయాడు. ఆస్ట్రేలియా వెళ్ళి సిడ్నీ జట్టులో ఆడాడు.

ఇవాళ లక్ష డాలర్లంటే పెద్ద జట్టులో బెంచి మీద కూర్చునేవాడికి కూడా చిన్న మొత్తమే. ఆ డబ్బే, ఆ ఆటే. అప్పుడు జైలు, ఇప్పుడు పత్రికా ప్రకటన. బోవెన్‌కి పోయిన ఆ ఏళ్ళు ఏ పరిహారంతో తిరిగొస్తాయి?

ఏప్రిల్ 8, మంగళవారం

నిన్న రాత్రి ఫ్లోరిడా గెలిచింది, హ్యూస్టన్ మీద 65-63. పన్నెండు పాయింట్లు వెనకబడి పుంజుకుంది. ఫైనల్ ఫోర్‌లో ఉత్తమ ఆటగాడు వాల్టర్ క్లేటన్ జూనియర్. అతనిది ఫ్లోరిడాలోని లేక్ వేల్స్. హైస్కూల్లో ఫుట్‌బాల్‌కే ఎక్కువమంది పిలిచారు. బాస్కెట్‌బాల్ మీద పట్టుదలతో న్యూయార్క్ దగ్గర ఐయోనా అనే చిన్న కాలేజీకి వచ్చాడు. అక్కడి కోచ్ రిక్ పిటినో 2023లో సెయింట్ జాన్స్‌కి మారాక క్లేటన్ తన రాష్ట్రానికి తిరిగి వెళ్ళాడు. అతని పక్కన ఆడిన విల్ రిచర్డ్ బెల్మాంట్ నుంచి వచ్చినవాడు, అలైజా మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి వచ్చినవాడు. ముగ్గుర్నీ వేరే కాలేజీలే తీర్చిదిద్దాయి.

కొత్త రిక్రూటింగ్ అంటే ఇదే. చిన్న కాలేజీ కుర్రాణ్ణి ఎంచుకుంటుంది, రెండేళ్ళు నేర్పుతుంది, పెద్ద కాలేజీ తీసుకుపోతుంది. నేర్పినదానికి ఐయోనాకి ఒక్క డాలరైనా రాదు. యూరప్ ఫుట్‌బాల్‌లో కుర్రవాణ్ణి తయారుచేసిన క్లబ్బుకి పరిహారం కట్టే నియమం ఉంది. ఇక్కడా అలాంటిది రావాలి. ఆ భారం మాత్రం కొనే కాలేజీ మీదే పడాలి, ఆటగాడి వాటాలోంచి కోయకూడదు.

నిన్ననే ఓక్లండ్‌లో జడ్జి క్లాడియా విల్కెన్ ముందు, ఆటగాళ్ళకి చెల్లింపుల గురించిన హౌస్ కేసు ఒప్పందం మీద ఆఖరి విచారణ కూడా జరిగింది. అరీనాలో ఆట, కోర్టులో ఆ ఆట తాలూకు డబ్బు, రెండూ ఒకే రోజు!

ఏప్రిల్ 19, శనివారం

ఎడిసన్‌లో మిత్రుడింటికి వెళ్ళాను. వాళ్ళబ్బాయి హైస్కూల్ మూడో ఏడు. ఆరడుగుల రెండంగుళాలు, చేతిలో నేర్పుంది, వేసవుల్లో ఏఏయూ క్లబ్బు జట్టుకి ఆడతాడు. పెద్ద కాలేజీల ఊసు లేదు. చిన్న డివిజన్ వన్ కాలేజీలు పోయినేడాది రాసిన ఉత్తరాలు మాత్రం ఉన్నాయి. ఇప్పుడు వాళ్ళూ ఫోన్ ఎత్తడం లేదు.

"కోచ్ ఏమన్నాడో తెలుసా అంకుల్? నీకంటే బాగా ఆడేవాళ్ళు నాకు అక్కర్లేదు, నీకంటే పెద్దవాళ్ళు కావాలి అన్నాడు."

ఆ కోచ్ అబద్ధం చెప్పలేదు. పోర్టల్‌లో ఇరవై రెండేళ్ళవాడు, కాలేజీ ఆట ఆడి చూపించినవాడు దొరుకుతుంటే, పదిహేడేళ్ళ పిల్లవాడి మీద రెండేళ్ళు ఎవరు ఖర్చుపెడతారు? కోవిడ్ వల్ల వచ్చిన అదనపు ఏడాది ఈ వరసని మరింత పొడిగించింది. హైస్కూల్ పిల్లల్ని అసలు తీసుకోనని పిటినోయే బాహాటంగా అన్నాడు. మొదటి యాభైమందిలో ఉన్నవాడికి లక్షల డాలర్లు. ఆ తర్వాతివాళ్ళకి తలుపు మూత.

వాడికి జాక్ ఈడీ సంగతి చెప్పాను. టొరంటో కుర్రాడు, ఆట ఆలస్యంగా మొదలెట్టాడు, దేశంలో అతని ర్యాంకు నాలుగు వందలు దాటాకే. పర్డ్యూలో కోచ్ మాట్ పెయింటర్ ఓపిగ్గా తయారుచేశాడు. నాలుగేళ్ళూ అక్కడే ఉండి, వరసగా రెండేళ్ళు దేశంలో ఉత్తమ ఆటగాడయ్యాడు. అలాంటివాణ్ణి వెతికిపట్టుకునే ఓపిక ఇంకా ఎందరికుంది? ఈ మార్పులో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. ఆలస్యంగా ఎదిగే పిల్లలకి వ్యవధి లేకుండా పోతోంది.

ఏప్రిల్ 20, ఆదివారం

ఈడీ గురించి ఇంకొకటి. కాలేజీలో ఆడినన్నాళ్ళూ అతను ఉన్నది విద్యార్థి వీసా మీద. పర్డ్యూలో ఎంఎస్ చేసే మన తెలుగు పిల్లలకీ, ఏడడుగుల నాలుగంగుళాల ఆ కుర్రాడికీ ఒకే ఎఫ్-1 నియమం. క్యాంపస్ బయట అనుమతి లేకుండా పనిచేసి సంపాదిస్తే వీసాకే ముప్పు. పక్కన కూర్చున్న అమెరికన్ ఆటగాడు ప్రకటనల్లో నటిస్తుంటే అతను ఆ పని చేయలేకపోయాడు. కెంటకీలో ఆస్కర్ చిబ్వేది కాంగో. జట్టు 2022లో బహామాస్ వెళ్ళినప్పుడు, అమెరికా గడ్డ మీద కాదు కదా అని, తన ఒప్పందాల పని అక్కడ చేసుకున్నాడు. రెస్టారెంట్‌లో గంటల లెక్కన పనిచేయడానికి భయపడే మన పిల్లలకి ఈ కష్టం విడమరిచి చెప్పనక్కర్లేదు. క్రీడల చట్టాలు మార్చేవాళ్ళు వీసా చట్టం ఊసెత్తడం లేదు.

జూన్ 7, శనివారం

నిన్న జడ్జి విల్కెన్ హౌస్ కేసు ఒప్పందాన్ని ఆమోదించింది. ఇలాంటిదే అయిన ఓబానన్ కేసులో 2014లో తీర్పిచ్చిందీ, ఆల్‌స్టన్ కేసు మొదట విన్నదీ ఆవిడే. వెనకటి ఆటగాళ్ళకి పదేళ్ళలో 280 కోట్ల డాలర్లు. ఇకమీదట కాలేజీలే నేరుగా చెల్లించవచ్చు. తొలి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. బయటి ఒప్పందం 600 డాలర్లు దాటితే డెలాయిట్ నడిపే వ్యవస్థకి చూపించాలి.

కేసు వేసిన గ్రాంట్ హౌస్ ఈతగాడు. అతనితో నిలబడిన సెడోనా ప్రిన్స్ బాస్కెట్‌బాల్ అమ్మాయి. 2021లో పురుషుల టోర్నమెంటుకి పెద్ద వ్యాయామశాల, అమ్మాయిలకి ఒక వరస డంబెల్స్ ఇచ్చారని వీడియో తీసి దేశానికి చూపించింది ఆమే.

జులై 1, మంగళవారం

ఇవాళ్టినుంచి చెల్లింపులు మొదలు. చాలా పెద్ద కాలేజీలు అనుకుంటున్న పంపకం: ఫుట్‌బాల్‌కి నూటికి 75, పురుషుల బాస్కెట్‌బాల్‌కి 15, మహిళల బాస్కెట్‌బాల్‌కి 5, మిగతా ఆటలన్నిటికీ కలిపి 5. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం చదువుకునే చోట ఆడ, మగ తేడా చూపకూడదంటుంది. కేట్లిన్ క్లార్క్ ఆడిన 2024 మహిళల ఫైనల్‌ని మగవాళ్ళ ఫైనల్ కంటే ఎక్కువమంది చూశారు. ఈ పంపకం అన్యాయం.

అక్టోబర్ 18, శనివారం

హైస్కూల్ ఆటగాళ్ళలో మొదటి వరసవాడైన ఏజే డిబాంట్సా ఇంకొన్ని రోజుల్లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి (బీవైయూ) ఆడబోతున్నాడు. పోయిన డిసెంబర్‌లో టీవీలో ప్రకటించాడు. పత్రికలు రాసిన మొత్తం 70 లక్షల డాలర్ల చుట్టుపక్కల. బాస్కెట్‌బాల్‌లో డ్యూక్, కెంటకీల వరసలో ఎన్నడూ లేని కాలేజీ అది. అక్కడి కోచ్ కెవిన్ యంగ్ ఫీనిక్స్ సన్స్‌లో పనిచేసి వచ్చాడు. కాబట్టి కుర్రాడు డబ్బు ఒక్కటే చూశాడనడం తొందరపాటు.

కాలేజీ జట్లకి ఇప్పుడు జనరల్ మేనేజర్లు కూడా. బాస్కెట్‌బాల్ వార్తల్లో మొనగాడైన ఏడ్రియన్ వోజ్నరౌస్కీ ఈఎస్‌పీఎన్ వదిలి సెయింట్ బొనవెంచర్‌లో ఆ పనికి చేరాడు. బేరం ఆడేవాడు ఒకడు, పాఠం చెప్పేవాడు ఇంకొకడు. కనీసం ఆ రెండూ వేరయ్యాయి.

నవంబర్ 12, బుధవారం

హైస్కూల్ పిల్లలు సంతకాలు పెట్టే రోజు. పాత 'లెటర్ ఆఫ్ ఇంటెంట్' పోయినేడే రద్దయింది. అందులో ఉన్నది స్కాలర్‌షిప్ ఒక్కటే. ఇప్పుడు వచ్చేవి అసలు సిసలు కాంట్రాక్టులు. మధ్యలో మానేస్తే ఆటగాడే ఎదురు కట్టాలన్న షరతులు కూడా వాటిలో కనిపిస్తున్నాయి.

జీతంలాంటిది ఉంది, షరతులున్నాయి, పని గంటలున్నాయి. ఉద్యోగి హక్కు ఒక్కటే లేదు. డార్ట్‌మత్ ఆటగాళ్ళు 2024 మార్చిలో 13-2 ఓట్లతో యూనియన్ కావాలన్నారు. ఆ డిసెంబర్ చివర్న దరఖాస్తు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆటగాళ్ళని ఉద్యోగులుగా చూడకూడదని రాసిన బిల్లు ఇప్పుడు కాంగ్రెస్ ముందుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: పోర్టల్ గందరగోళానికి మందు జీతాలు ఆపడం కాదు, ఆటగాళ్ళ సంఘంతో కూర్చుని అందరికీ ఒకే కాంట్రాక్టు రాయడం. రెండేళ్ళ ఒప్పందం, గాయమైనా ఆగని చెల్లింపు, చదువు పూర్తయ్యేదాకా స్కాలర్‌షిప్. ఇవి వస్తే కోచ్‌కీ నిలకడ, కుర్రాడికీ నిలకడ.

అంతదాకా అమెరికాలో పిల్లల్ని ఆడిస్తున్న మన తల్లిదండ్రులకి నా మనవి. న్యూజెర్సీలో 2022 నుంచి హైస్కూల్ ఆటగాళ్ళకి కూడా ఎన్‌ఐఎల్ ఒప్పందాలకి అనుమతి ఉంది, కాబట్టి కాగితం మీ ఇంటికి అనుకున్నదానికంటే ముందే రావచ్చు. ఏజెంటు చూపించిన లాయరు చాలడు, మీ సొంత లాయరుతో చదివించండి. కోచ్ వెళ్ళిపోతే ఏమవుతుంది, మోకాలు దెబ్బతింటే ఏమవుతుంది, వెనక్కి కట్టాల్సింది ఎంత, పన్ను ఎవరు కడతారు, ఈ నాలుగింటికీ జవాబు రాతలో ఉండాలి. లేకపోతే ఆ రోజు సంతకం పెట్టించకండి.