మానేభంజంగు ముసలి బండ్లు

డార్జిలింగునుండి ఘూము, సుఖియాపోఖ్రీల మీదుగా పోవు బాట మానేభంజంగు అను చిన్న యూరికి చేరును. నేపాలు సరిహద్దు ఈ యూరిని ఒరసికొనియే పోవుచున్నది. ఇచటినుండి సందక్‌ఫూ శిఖరమునకు సుమారు 31 కిలోమీటర్లు. శిఖరపు టెత్తు 3,636 మీటర్లు. పశ్చిమ వంగరాష్ట్రమున దీనిని మించినది లేదు. ఆకాశము నిర్మలముగా నున్న ఉదయమున కాంచనగంగయు, దూరమున ఎవరెస్టును ఒక్కచోటినుండియే కానవచ్చును. కాని శిఖరమును చేరుటకు ముందే యీ యూరి వీథిలో చూడదగిన వింత యొకటి కలదు. అవి ముసలి లాండ్ రోవరు బండ్లు.

ఈ బండి ఇంగ్లండున 1948లో పుట్టినది. యుద్ధానంతరము అచట ఉక్కు దుర్లభమైనందున పైతొడుగును అల్యూమినియపు మిశ్రలోహముతో జేసిరి. మన వంటయింటి సత్తుగిన్నెల జాతియే యది. 1958 వఱకు తయారైన తొలిశ్రేణి బండ్లు కొన్ని తేయాకుతోటల దొరలతో ఈ కొండలకు వచ్చినవి. దొరలు పోయిన పిదప కొండవారి చేతికి చిక్కినవి. ఇంజను బలము నాలుగు చక్రములకును అందుటచేతను, మెల్లగా బలముగా లాగు ప్రత్యేకమైన గేరుండుటచేతను, రాళ్లు పఱచిన ఏటవాలు బాటపై నివి యెక్కగలిగినవి. యాత్రికులనే గాక, పైపల్లెలకు బియ్యమును, ఉప్పును, మనుష్యులను గూడ మోసినవి. కనుక బండి మూలబడిన దినమున యజమాని యింట పొయ్యి చల్లారును.

అందుచే మరమ్మతు ఇంటిముంగిటనే జరుగును. తండ్రివద్ద కొడుకు నేర్చును. పైరేకులు బోల్టులతో బిగింపబడినవి గావున విప్పి, సొట్టలు తీసి, మరల బిగింపవచ్చును. సత్తునకు ఎఱ్ఱతుప్పు లేదు. అసలు గండము క్రిందనున్న ఉక్కుచట్రమునకు. అది లోపల డొల్ల. బురద చేరి, తేమ నిలిచి, లోనుండి తినివేయును. పైరంగు చూచి మోసపోరాదు. కుండ కొనునపుడు మనము వ్రేలితో మ్రోగించి చూచునట్లు, చట్రమును చిన్నసుత్తితో తట్టి చూడవలెను. మంచి ఉక్కు ఖంగున మ్రోగును. పుచ్చినచోట బొద్దుగా పలుకును. అంతవఱకు కోసి, క్రొత్తరేకు అతుకవలెను. తరువాత బ్రేకులు. చక్రములయొద్ద నుండు రబ్బరు బిళ్లలు ఎండి పగిలినచో నూనె కారిపోవును. కొండ యెక్కుటకన్న దిగుటయందే ప్రాణభయ మెక్కువ. రంగు వేయుట కట్టకడపటి పని.

ఇంగ్లండున వేడుకకై పాతబండిని బాగుచేయువారు పలువురు, మొదటి మేకుగూడ మాఱరాదని పట్టుపట్టుదురు. ఇచట ఆ పట్టుదల లేదు. అనేకములకు పెట్రోలు ఇంజనులు పోయి, మన దేశపు జీపుల డీజిలు ఇంజనులు వచ్చినవి. అయిన నిది ఆ బండియేనా యని కొంద ఱడుగుదురు. కవ్వపుత్రాటిని ఎన్నిమార్లు మార్చినను, కవ్వము అత్తగారిదే యని మన మనుకొనుట లేదా? పనిచేయుచున్నంతకాలము వస్తువు తన పేరు నిలుపుకొనును.

ఇటీవల ఆ బాటలో చాలభాగము సిమెంటు పఱచిరి. క్రొత్తబండ్లును పైకి పోవుచున్నవి. పల్లెవారికిది మేలే, కాదనరాదు. అయితే ముసలిబండితో అవసరము తీఱినచో ఆ విద్యతోడను అవసరము తీఱును. బండిని ప్రదర్శనశాలలో దాచవచ్చును. సుత్తిమ్రోతనుబట్టి లోని తుప్పును పసిగట్టు చెవిని దాచుట యెట్లు?

అక్టోబరు, నవంబరు మాసములలో అచట ఆకాశము తేటగా నుండును. ఆ దినములలో సందక్‌ఫూ పోదలచు సోదరీమణులు, కుదుపునకు వెఱవక, చట్రమును బ్రేకులను గూర్చి డ్రైవరును ముందుగా అడిగి, ముసలిబండినే కుదుర్చుకొందురు గాక. చెల్లించు బాడుగ ఆ విద్యకు అన్నము పెట్టును.