నాయన బండికి కొత్త అద్దం

తిరుపతి ఆటోనగర్‌లో అద్దాల షాపు షట్టర్ లేచేసరికి తొమ్మిదిన్నర. నేను ఏడింటి నుంచే ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చున్నా. రాత్రి బెంగళూరులో బస్సెక్కి నేరుగా ఇక్కడే దిగా. ఈసారి ఇంటికి తీసుకెళ్లాల్సింది స్వీట్ ప్యాకెట్ కాదు, నాయన పికప్‌కి ముందు అద్దం.

మాది దామలచెరువు దగ్గర పల్లె. బండి 2004 మోడల్ టాటా 207. మూడు వారాల కిందట టిప్పర్ మీద నుంచి కంకర రాయి ఎగిరొచ్చి తగిలింది. మొదట రూపాయి బిళ్లంత మచ్చ. ఎండకి, గతుకులకి పాకి పాకి డ్రైవర్ వైపంతా సాలెగూడు అయ్యింది. ముందు అద్దం లామినేటెడ్ కదా, రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందుకే పగిలినా రాలదు. రాలలేదు కాబట్టి నాయన నడిపేస్తూనే ఉన్నాడు.

"ఎదురుగా లైటు పడితే రోడ్డు కనపడదురా. అది దాటిపొయ్యేదాకా ఆపుకొని పోతాండా" అన్నాడు ఫోన్‌లో, మామూలుగా. ఆ మాట విన్నాక శుక్రవారం లాప్‌టాప్ మూసేసి బస్సెక్కేశా.

అది 2025 జూన్. తోతాపురి ధర పడిపోయిన సీజన్. కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించారు. అంటే టన్నుకి 12 వేలు. అందులోనే కోత కూలి, డీజిల్. పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల క్యూ. ఇలాంటప్పుడు బండిని ఒక రోజు షాపులో వదలమంటే నాయన వింటాడా? "అద్దం తెచ్చెయ్, ఇంట్లోనే ఎక్కిద్దాం" అన్నాడు.

షాపులో రెండు చూసుకోవాలి. అద్దం మూలన ISI గుర్తు, లామినేటెడ్ అన్న మాట. ఇంకోటి, రబ్బరు బీడింగ్ కూడా కొత్తదే కొనాలి. పాతది ఎండకి బిరుసెక్కి ఉంటుంది, మళ్లీ వంగదు. రెండూ కలిపి ఐదు వేల లోపే అయ్యింది.

అద్దాన్ని పడుకోబెట్టి తేకూడదు, నిలబెట్టే తేవాలి. ట్రాలీ ఆటోలో గోనె సంచులు పరిచి, పక్కలకి పాత టైర్లు పెట్టి కట్టాం. నలభై కిలోమీటర్ల దారి, ఆటో ముప్పై దాటలేదు. బస్సులో నిద్రపోతూ దాటేసే ఊళ్లన్నీ ఆ రోజు తీరిగ్గా కనిపించాయి. చంద్రగిరి కొండ కింద రాజమహల్. పెనుకొండ నుంచి విజయనగర రాజులు రాజధాని మార్చుకున్న చోటు. తర్వాత గాదంకి. పైన ఆకాశంలో గాలుల్ని రాడార్‌తో కొలిచే పరిశోధనా కేంద్రం అక్కడే ఉంది. నాకేమో పక్కన లారీ పోయినప్పుడు కొట్టే గాలికే గుండె జారింది. పాకాల వైపు తిరిగాక రెండు పక్కలా మామిడి తోటలు. కొన్ని చెట్లకి కాయ కోయకుండానే వదిలేశారు.

ఇంటికి చేరగానే పని మొదలు. పాత బీడింగ్‌ని కత్తితో కోశాం. నాయన సీట్లో కూర్చుని కాళ్లతో నిదానంగా తోస్తే, బయట నేను పట్టుకున్నా. అద్దం వచ్చేసింది. కింది అంచంతా తుప్పు. ఉప్పు కాగితంతో రుద్ది రెడాక్సైడ్ పూశాం. అది ఆరేసరికి సాయంత్రం.

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. బోల్టుల్లేవు, గమ్ లేదు. ముందు బీడింగ్‌ని అద్దం చుట్టూ తొడగాలి. బీడింగ్ రెండో గాడిలో నైలాన్ తాడు చుట్టూ దోపి, రెండు కొసలూ కింద మధ్యలో క్యాబిన్ లోపలికి వదలాలి. అమ్మ సబ్బు నీళ్లు పోసింది. బయట నేను అరచేతుల్తో నొక్కుతుంటే, లోపల నాయన తాడు లాగాడు. తాడు వచ్చేకొద్దీ రబ్బరు అంచు రేకు మీదికెక్కి కూర్చుంటుంది.

మొదటిసారి మూల దగ్గర నేను ఆత్రంగా గుద్దేశా. బీడింగ్ మడతపడింది. "ఇది నీ కంప్యూటర్ కాదురా, మెల్లిగా" అన్నాడు నాయన. మొత్తం తీసి మళ్లీ మొదట్నుంచి. రెండోసారి నాయన ఎక్కడ లాగితే అక్కడే నొక్కా. ఈ పని ఒక్కడి వల్ల కాదు. లోపల ఒకరు, బయట ఒకరు ఉండాల్సిందే. సీజన్‌లో ఎవరి తోటలో వాళ్లున్నారు. మూడు వారాలు నాయన ఎందుకు ఆగాడో నాకప్పుడు అర్థమైంది. రమ్మని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

మీ ఇంట్లో కొత్త కారుంటే ఈ ప్రయోగం చేయకండి. వాటి అద్దం గట్టి గమ్‌తో బాడీకి అతికించి ఉంటుంది. సరిగ్గా అతక్కపోతే ప్రమాదంలో ఊడిపోతుంది. బీడింగ్ ఉన్న పాత బండ్లకే ఈ పద్ధతి.

బకెట్ నీళ్లు కొట్టి చూస్తే ఒక మూల చుక్క కారింది. సీలెంట్ పెట్టాం.

రాత్రి పదింటికి లోడుతో చిత్తూరు వైపు బయల్దేరాం. పక్క సీట్లో నేను. పూతలపట్టు దాటాక ఎదురుగా లారీ, ఫుల్ లైట్లు. నాయన వైపు చూశా.

బ్రేక్ మీద కాలు పెట్టలేదు.