'మీరు' అంటే ఎవరు?

మూడేళ్ల కిందట ఓ ఆదివారం పొద్దున్నే తెనాలి నుంచి అమ్మ ఫోన్. "మీ నాన్న వరండాలో పడిపోయారే. కంగారు పడకు, ఆస్పత్రికి తీసుకొచ్చాం" అంది. కంగారు పడకుండా ఎలా ఉంటాం! మావారూ నేనూ హైదరాబాద్‌లో బయల్దేరి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. నాన్న మంచం మీద కూర్చుని ఉన్నారు. నుదుటి మీద నాలుగు కుట్లు. బీపీ 200 దాటిందట. డాక్టర్‌గారు ఒక్కటే అడిగారు: "మాత్రలు మానేసి ఎన్నాళ్లయింది?"

పదకొండు రోజులు.

నాన్న మానలేదు. మాత్రలు అయిపోయాయి, కొత్తవి రాలేదు. ప్రతి నెలా డాలస్ నుంచి అన్నయ్య ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాడు. ఆ నెల ఇల్లు మారే హడావుడిలో ఉండి ఫ్యామిలీ గ్రూపులో ఓ మెసేజ్ పడేశాడు: "ఈ నెల మందులు మీరు చూసుకోండి."

అన్నయ్య నన్ను 'నువ్వు' అంటాడు, నాన్నని 'మీరు' అంటాడు. అందుకని అది నాన్నకి చెప్పాడనుకున్నాను. వీధి చివరే మందుల షాపు ఉందిగా, తెచ్చుకుంటారులే అని ఊరుకున్నాను. నాన్నేమో మావారికీ నాకూ కలిపి చెప్పాడనుకున్నారు. అమ్మ గ్రూపు చూడదు. అన్నయ్య దృష్టిలో ఆ పని అప్పగించేసినట్టే.

"ఒక్క మాట అడగొచ్చు కదా నాన్నా?" అన్నాను.

"పని ఒత్తిడిలో ఉన్నావేమోలే, ఇవాళో రేపో వస్తాయనుకున్నానమ్మా" అన్నారు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. తిరుగు ప్రయాణంలో రైల్లో కూర్చుంటే మాత్రం నా ఉద్యోగం గుర్తొచ్చి సిగ్గేసింది.

నేను సిస్టమ్స్ ఇంజినీర్‌ని. విమానాల్లో వాడే ఎలక్ట్రానిక్ పరికరాలు చేసే కంపెనీలో పని. ఒక టీము బోర్డు చేస్తుంది, ఒకరు సాఫ్ట్‌వేర్ రాస్తారు, ఇంకొకరు వైరింగ్ చూస్తారు. ఎవరి ముక్క వాళ్లు బాగానే చేస్తారు. ఆ ముక్కలన్నీ కలిపినప్పుడు ఒకే వస్తువులా పనిచేస్తాయా లేదా అన్నది చూడటం మా పని. అనుభవం మీద తెలిసిందేమిటంటే, చాలాసార్లు తేడా వచ్చేది ముక్కలో కాదు, రెండు ముక్కలు కలిసే చోట.

మా వృత్తిలో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. నాసా పంపిన 'మార్స్ క్లైమేట్ ఆర్బిటర్' 1999లో అంగారకుడి దగ్గరిదాకా వెళ్లి పోయింది. ఒక జట్టు సాఫ్ట్‌వేర్ లెక్కల్ని పౌండ్లలో ఇచ్చింది. అందుకున్న జట్టు అవి న్యూటన్లలో ఉన్నాయనుకుంది. ఒక పౌండ్ బలమంటే దాదాపు నాలుగున్నర న్యూటన్లు. నెలల తరబడి ఆ తేడా పేరుకుని, నౌక అనుకున్నదానికంటే బాగా కిందికి దిగిపోయింది. లెక్కలు రానివాళ్లెవరూ లేరక్కడ. పంపిన అంకెకి అర్థం ఒకటి, అందుకున్న అంకెకి అర్థం ఇంకొకటి.

మా ఇంట్లో ఆ పౌండ్-న్యూటన్ పని చేసింది 'మీరు' అన్న మాట. ఒకరికి అది గౌరవం, ఇంకొకరికి బహువచనం.

మర్నాడు అన్నయ్యకి ఫోన్ చేశాను. మామూలుగా అయితే "నువ్వు సరిగ్గా చెప్పలేదు", "నువ్వు పట్టించుకోలేదు" అని పోట్లాడుకునేవాళ్లం. సగం పోట్లాట అయ్యింది కూడా. తర్వాత ఇద్దరం కలిసి వేరే ప్రశ్న వేసుకున్నాం: తప్పెవరిదని కాకుండా, ఎక్కడ తెగింది? అప్పుడు మాట సాగింది. మూడు విషయాలు రాసుకున్నాం. ఏ పనికైనా ఒక్కరి పేరే ఉండాలి. ఎప్పటిలోగా అన్న తేదీ ఉండాలి. అవతలివాళ్లు 'అందింది' అనేవరకు పని అయినట్టు కాదు.

నాలుగోది అమ్మ చెప్పింది. "గ్యాస్ బండ ఒకటి ఎప్పుడూ అదనంగా ఉంచుతాం కదే. మాత్రలకి మాత్రం ఆ బుద్ధి లేకపోయింది" అని, పది మాత్రల షీటు ఒకటి విడిగా డబ్బాలో పెట్టింది. ఆ షీటు ముట్టుకోవాల్సి వచ్చిందంటే అదే రోజు ఆర్డర్ పెట్టాలి.

చంద్రయాన్-3లో జరిగిందీ ఇలాంటిదే. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ సరిగ్గా దిగలేకపోయింది. రెండోసారి ఇస్రోవాళ్లు 'ఇది చెడితే ఎలా, అది చెడితే ఎలా' అని ముందే వెతుక్కున్నారు. దిగడానికి ఎంచుకున్న చోటుని అర కిలోమీటరు చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకి పెంచారు. కాళ్లు గట్టి చేశారు, ఇంధనం ఎక్కువ పెట్టారు. 2023 ఆగస్టు 23న దిగింది. అమ్మ డబ్బాలో షీటూ, ఆ అదనపు ఇంధనమూ ఒకటే ఆలోచన.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ 'ఎక్కడ తెగింది' అన్న ప్రశ్న అలవాటయ్యాక ఆఫీసులోనూ అదే బుర్రలో తిరిగింది. నాలుగేళ్లుగా అదే హోదాలో ఉన్నాను. కష్టపడుతున్నా గుర్తించడం లేదని లోపల మంట. నాకంటే జూనియర్ ఒకతను ముందుకెళ్లాడు. చివరికి ధైర్యం చేసి మా మేనేజర్‌ని అడిగాను, పై హోదాకి నాలో ఏం తక్కువైందని.

ఆయన కాసేపు ఆలోచించి అన్నారు: "మీకిచ్చిన పనిలో వంక పెట్టడానికి ఉండదు. కానీ పని రెండు టీముల మధ్య ఇరుక్కున్నప్పుడు 'ఇది మా పరిధిలోది కాదు' అని మెయిల్ పెట్టి ఊరుకుంటారు. పై హోదాలో ఉండే పనంతా ఆ మధ్యలోనే."

ఇంట్లో చేసిందీ అదే కదా! 'అది నాన్నకి చెప్పాడు' అనుకుని పక్కకి జరగడం. నాకు అప్పగించిందేదో బాగా చేస్తే చాలనుకున్నాను. వాళ్లకి నా నుంచి ఏం కావాలో నాలుగేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఆ తర్వాత నుంచి, రెండు టీములూ ఒకరి మీద ఒకరు తోసుకుంటున్న సమస్య కనిపిస్తే ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. మొదట్లో విసుక్కున్నారు. ప్రమోషన్ ఆ ఏడు రాలేదు. మరుసటి ఏడు వచ్చింది.

మందుల సంగతికొస్తే, నేను పెద్ద టేబుల్ తయారుచేశాను. తేదీలు, పేర్లు, రిమైండర్లు, రంగులు. ఆరు నెలల్లో ఒక్క మాత్ర తప్పలేదు. ఆ గర్వంతో సంక్రాంతికి వెళ్లి "ఎలా ఉంది నాన్నా మన ఏర్పాటు?" అని అడిగాను.

"బాగుందమ్మా, ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు" అన్నారు. కాస్త ఆగి, "ఇదివరకు మందులు వచ్చాయా అని నువ్వు ఫోన్ చేసేదానివి. ఇప్పుడు యాప్ నుంచి మెసేజ్ వస్తోంది" అన్నారు.

మా పనిలో రెండు పరీక్షలుంటాయి. అనుకున్నది అనుకున్నట్టు చేశామా అన్నది ఒకటి. అసలు కావాల్సిందే చేశామా అన్నది రెండోది. మొదటిదాంట్లో నాకు నూటికి నూరు. రెండోదాంట్లో నాన్న సున్నా వేశారు, అదీ నొప్పించకుండా. మనిషిని అడగకుండా ఏర్పాటు చేస్తే ఎంత తెలివిగా చేసినా అంతే. టేబుల్‌లో ఇంకో గడి చేర్చబోయి ఆగిపోయాను. ఆదివారం పొద్దున్న ఫోన్‌కి రిమైండర్ పెట్టుకోలేదు. ఇంతవరకు మర్చిపోలేదు.

ఇప్పుడు మా గ్రూపులో ఎవరూ 'మీరు' అని మాత్రం రాసి ఊరుకోరు. ఎవరి పని అయితే వాళ్ల పేరు రాస్తాం. నెలకోసారి, మందుల పార్శిల్ వచ్చిన రోజు, నాన్న పాతకాలం టెలిగ్రామ్‌లా జవాబిస్తారు:

"అందినది. - నాన్న."