మూత, మూక, ముఖాముఖి

టోకియో మహానగరానికి తూర్పు కొసన, సముద్రానికి చేరువలో నిషి-కసాయ్ అని ఒక పేట ఉంది. వాళ్ల భాషలో "నిషి" అంటే పడమర. మా అమ్మాయి అక్కడ కాపురం పెట్టిందని చెప్పగానే రాజమండ్రిలో మా వదిన, "అదేం పేరు వదినా! కసాయి ఊళ్లో పిల్లనెలా ఉంచావు?" అని బుగ్గలు నొక్కుకుంది. నిజం చెప్పాలంటే అంత సాధువైన పేట నేనెక్కడా చూడలేదు. వీధులు అద్దంలా ఉంటాయి. కంప్యూటరు ఉద్యోగాలకని వచ్చిన మనవాళ్లు ఆ చుట్టుపక్కల వేలమంది ఉన్నారు. శనివారం సాయంత్రం స్టేషను ముందు నిలబడితే తెలుగూ, తమిళమూ, హిందీ అన్నీ వినపడతాయి. కందిపప్పూ, చింతపండూ, ఆఖరికి కరివేపాకూ దొరికే కొట్లున్నాయి.

2020 ఫిబ్రవరి మొదట్లో మేమిద్దరం అక్కడికి వెళ్లాం. అమ్మాయికి అయిదో నెల. తొలి కానుపు పుట్టింట్లో జరగాలి కదా! మార్చి ఆఖరుకల్లా పిల్లని వెంటబెట్టుకుని రాజమండ్రి వచ్చెయ్యాలనీ, సీమంతం మా ఇంటి పెరట్లో చెయ్యాలనీ మా ఏర్పాటు.

మేం వెళ్లేసరికి ఊరంతా ఒక ఓడ గురించే మాట్లాడుకుంటున్నారు. డైమండ్ ప్రిన్సెస్ అనే ఆ విహార నౌక ఫిబ్రవరి 3న పక్కనున్న యొకొహామా రేవుకు వచ్చి ఆగింది. అందులో ప్రయాణికులూ, సిబ్బందీ కలిసి 3,711 మంది. ఒక్కొక్కళ్లకే జ్వరాలు మొదలై, చివరికి లెక్క తేలేసరికి 712 మందికి కోవిడ్ సోకింది. అందులో పనిచేసేవాళ్లలో మన దేశపు కుర్రాళ్లు కూడా ఉన్నారు. టెలివిజనులో ఆ తెల్లటి ఓడని చూసినప్పుడల్లా నా చెయ్యి నాకు తెలియకుండానే అమ్మాయి భుజం మీదికి పోయేది.

మార్చి 22 నుంచి మన దేశం విదేశీ విమానాలు ఆపేసింది. మా టిక్కెట్లు 26వ తేదీకి. ఇంకేముంది, చిక్కుపడిపోయాం! 25 నుంచి ఇండియాలో ఎక్కడివాళ్లక్కడ తలుపులు మూసుకున్నారు. జపానులో అదీ లేదు. ఏప్రిల్ 7న టోకియోతో కలిపి ఏడు రాష్ట్రాల్లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు గాని, "దయచేసి బయటికి రాకండి" అని బతిమాలడమే తప్ప లాఠీ పట్టుకుని నిలబడ్డ పోలీసు లేడు. వెళ్లాలో మానాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. ఇంట్లో ఏడో నెల పిల్లా, చక్కెర జబ్బున్న మావారూ. నిర్ణయం నా నెత్తిన పడింది.

వదిన రోజూ ఫోను చేసేది. "కూరగాయలు సబ్బు నీళ్లలో కడుగుతున్నావా? పాల పేకెట్టు ఎండలో పెడుతున్నావా? తలుపు గొళ్లేలు తుడుస్తున్నావా?" అని ఆరా. కడిగేదాన్ని, తుడిచేదాన్ని. చేతులు చిట్లేవి. అయినా గుండెలో బెరుకు తగ్గేది కాదు. చేతులు కడుక్కోవడం ఎప్పటికైనా మంచిదే. కాని ఈ రోగం ముఖ్యంగా వస్తువుల మీదనుంచి కాక గాలిలోంచి వస్తుందని క్రమేణా తేలింది. 2021 ఏప్రిల్లో అమెరికాలోని వ్యాధుల నివారణ కేంద్రం, వైరస్ పడిన వస్తువును ఒకసారి తాకితే రోగం అంటుకునే అవకాశం పదివేలలో ఒక వంతు కన్న తక్కువేనని చెప్పింది.

గాలి సంగతి నాకు బోధపరచింది మాత్రం ఎండుమిరపకాయలే. ఒకనాడు పులుసులోకి తిరగమోత వేస్తున్నాను. చలికని కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. ఆ రెండు గదుల ఇంట్లో చివర పడుకున్న అల్లుడు దగ్గుతూ లేచాడు. మావారు తుమ్ములు అందుకున్నారు. ఎదురెదురు కిటికీలు రెండూ తెరిచాను. పది నిమిషాల్లో ఘాటు పోయింది.

"అత్తయ్యగారూ, వైరస్ కూడా అచ్చం ఇంతే" అన్నాడు అల్లుడు. "మనం మాట్లాడినప్పుడు పెద్ద తుంపర్లు ఒకటి రెండు గజాల్లో నేలపడతాయి. కంటికి కనపడని సన్న తుంపర్లు మాత్రం ఈ ఘాటులాగే గదంతా తిరుగుతాయి. కిటికీ తెరిస్తే పలచబడతాయి, మూస్తే చిక్కబడతాయి. అంతే తేడా."

ఆ దేశపు వైద్యులు మార్చిలోనే ఈ సంగతి పసిగట్టారు. రోగం ఎవరి దగ్గరనుంచి ఎక్కడ అంటుకుందో వెనక్కి వెతుక్కుంటూ పోతే, రోగుల్లో చాలామంది ఎవరికీ అంటించలేదట. కొద్దిమంది మాత్రం ఒకేచోట చాలామందికి అంటించారట. అలా అంటుకున్న చోట్లన్నిటికీ పోలికలున్నాయి. గాలి ఆడని చోటు, జనం కిక్కిరిసిన చోటు, దగ్గరగా చేరి కబుర్లాడే చోటు. వీటికి "సాన్ మిత్సు" అని పేరు పెట్టారు. ఆ ఏడాది జపానులో అందరి నోళ్లలో నానిన మాటగా దానికే బహుమతి వచ్చింది. తెరపి చోటు కంటే మూసిన చోట అంటుకునే అవకాశం 18.7 రెట్లు ఎక్కువని అక్కడి శాస్త్రజ్ఞుల తొలి అంచనా.

తెలుగు మేష్టరుగా పనిచేసి రిటైరయిన మావారు ఊరుకుంటారా! "మూత, మూక, ముఖాముఖి" అని తర్జుమా చేసి కాగితం మీద రాసి ఫ్రిజ్జు తలుపుకి అంటించారు. మూడూ కలిసిన చోటికి పోవద్దు. రెండున్న చోట జాగ్రత్త. ఒకటే ఉంటే చూసుకుని వెళ్లు. మా ఇంటి శాసనం అది.

ఆ కొలబద్ద పెట్టి చూస్తే ఊరు వేరుగా కనపడింది. అమ్మాయిని ఆసుపత్రికి తీసుకువెళ్లాలంటే తోజాయ్ లైను రైలెక్కాలి. పొద్దుటి రద్దీలో ఆ లైనులో పట్టవలసిన జనానికి దాదాపు రెట్టింపు ఎక్కుతారని అప్పట్లో పేరు. రైలంటేనే నాకు వణుకు. కాని మేం వెళ్లేది పదకొండు గంటలకి. బండి సగం ఖాళీ. కిటికీలు కాస్త కాస్త తెరిచి ఉంచారు. అందరికీ మాస్కులు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ పెదవి కదపరు! పావుగంట ప్రయాణం. బండి అరకావా నది వంతెన మీదికి రాగానే మావారి చెయ్యి పైసలకోసం జేబులోకి పోయేది, గోదావరి అలవాటు. ఆ పావుగంటలో ప్రమాదం బొత్తిగా లేదనను. కాని కిటికీలు లేని హోటల్లో గంటసేపు కూర్చుని భోంచెయ్యడం కంటే ఎంతో తక్కువ.

హోటలు మాట ఎందుకన్నానంటే, 2020 జనవరి 24న చైనాలోని గ్వాంగ్జౌలో ఒక భోజనశాలలో ఇదే జరిగింది. పక్కపక్క బల్లల దగ్గర మూడు కుటుంబాలవాళ్లు కూర్చున్నారు. వాళ్లలో ఒకరికి రోగం ఉంది. కిటికీలు లేవు. చల్లగాలి యంత్రం ఆ మూడు బల్లల మధ్యా అదే గాలిని తిప్పితిప్పి కొట్టింది. చివరికి ఆ మూడు కుటుంబాల్లో పదిమంది రోగగ్రస్తులయ్యారు. తక్కిన బల్లలవాళ్లకి గాని, వడ్డించినవాళ్లకి గాని సోకలేదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో మార్చి 10న ఒక బృందం పాటలు సాధన చెయ్యడానికి రెండున్నర గంటలు కూడింది. వచ్చినవాళ్లు 61 మంది, జబ్బుపడ్డవాళ్లు 53 మంది, ఇద్దరు పోయారు. గొంతెత్తి పాడినప్పుడు మాటకంటే ఎక్కువ తుంపర్లు వస్తాయి. పైగా చాలామందికి జ్వరం రాకముందే, ఒకటి రెండు రోజుల ముందునుంచే అంటించే గుణం ఉంటుంది. మనిషి ముఖం చూసి పోల్చుకుందామంటే కుదరదు. చోటుని చూసి పోల్చుకోవాలి.

ఇహ సీమంతం సంగతి. అమ్మాయి స్నేహితురాళ్లు ఇంట్లోనే చేద్దామని పట్టుబట్టారు. పిల్లలతో కలిపి ఇరవై రెండుగురు తేలారు. లడ్డూలూ, పులిహోరా, మంగళహారతులూ! పేరంటాలుగా వచ్చేవాళ్లంతా మా పిల్ల మేలు కోరేవాళ్లే. ఎవరికీ దగ్గు లేదు, జ్వరం లేదు. వద్దంటే ఏమనుకుంటారో! అమ్మాయి "నీ ఇష్టం అమ్మా" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల మనస్సులో ఏముందో నాకు తెలియదా! ఫ్రిజ్జు తలుపు వైపు చూశాను. మూత ఉంది, మూక ఉంది, ముఖాముఖి ఉంది. పైగా తిండీ, పాటా.

మా పేటకి ఉత్తరంగా, నెమ్మదిగా నడిస్తే అరగంట దూరంలో షిన్‌కావా అనే కాలువ ఉంది. పూర్వం ఎదో కాలంలో గ్యోతొకు ఉప్పుమళ్లనుంచి నగరానికి ఉప్పు పడవలు నడిచిన దారి అది. ఇప్పుడు రెండు గట్ల మీదా చెర్రీ చెట్లు. ఆ యేడు పూలు తొందరపడి మార్చి 14కే విచ్చాయి. మార్చి 29న పూల మీద మంచు కురిసింది. జపాను వాళ్లు ఏటా ఆ చెట్ల కింద చాపలు పరుచుకుని తిని, తాగి, పాడతారు. ఆ యేడు ప్రభుత్వం "నడిచి చూడండి, కూర్చోకండి" అంది. అదే చెట్టు, అదే పువ్వు. నడిస్తే ఒకటి, చాప వేస్తే ఒకటి. ఈ సూక్ష్మం నాకు బాగా పనికివచ్చింది.

ఏప్రిల్ 4, శనివారం. కాలువగట్టు మీద నలుగురు ఆడపిల్లలూ, మేమూ. అందరం మాస్కులతో, ఎడంగా నిలబడ్డాం. గాజులు నేనొక్కదాన్నే తొడిగాను. తక్కినవాళ్లు దూరంనుంచే అక్షతలు వేశారు. హారతిపాట ఒక అమ్మాయి ముందే ఇంట్లో పాడి ఫోనులో పట్టి తెచ్చింది, అదే వినిపించాం. లడ్డూ పొట్లాలు ఎవరివి వారు ఇంటికి పట్టుకుపోయారు. మొత్తం అరగంట. దారినపోయే జపాను ముసలమ్మ ఒకావిడ ఆగి, అంత దూరంనుంచే నడుము వంచి నమస్కరించి వెళ్లింది. రాలే పూలు అక్షతలతో పాటే పిల్ల తలమీద పడుతున్నాయి. పెరట్లో నూరుమంది మధ్య చేద్దామనుకున్న వేడుక ఇది. నాకు లోటు లేదని ఎందుకనాలి? ఉంది. కాని ఆ రాత్రి నిద్రపట్టింది.

ప్రమాదం అందరికీ ఒకే పాళంలో ఉండదని కూడా అక్కడే గ్రహించాను. చింతపండు కొట్లో నేను గడిపేది పది నిమిషాలు. ప్లాస్టిక్ తెర వెనకాల గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అమ్మాయి పొద్దల్లా అదే గాలి పీలుస్తుంది. కాలం కూడా ఒక మోతాదే. అందుకే సరుకుల జాబితా ఇంట్లోనే రాసుకుని వెళ్లి, బేరాలు కబుర్లు లేకుండా వచ్చేసేదాన్ని. అది నా క్షేమం కోసమే కాదు, ఆ పిల్ల క్షేమం కోసం కూడా.

ప్రభుత్వం ఇంటికి రెండేసి గుడ్డమాస్కులు పంచింది. మేం నలుగురం! జూన్‌లో అమ్మాయి ప్రసవించింది. ఆసుపత్రి నిబంధన ప్రకారం లోపలికి అల్లుణ్ణి కూడా రానివ్వలేదు. ఫోనులో ఏడుపు విన్నాం, మనవరాలిది. తల్లీ పిల్లా క్షేమం. ఆ ఏడాది ఆఖరుకి మేం ఇల్లు చేరాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ఆ అత్యవసర స్థితి ముగిసిందని చెప్పింది. వైరస్ పోలేదు, దాని సోదరులు ఏటా వర్షాకాలంలో మన ఇళ్లకి వస్తూనే ఉన్నారు. పెళ్లి పిలుపు వస్తే మానుకోమని నేను చెప్పను. చల్లగాలి యంత్రాలున్న కళ్యాణమండపంలో గంటల తరబడి బిగించుకు కూర్చునే బదులు, అక్షతలు వేసి వరండాలోకి రండి. వెనక తాటాకుపందిళ్లలో, నాలుగువైపులా గాలి ఆడుతూంటే పంక్తులు తీర్చి భోంచేసిన కాలం మనది కాదా! ఇంట్లో పసివాళ్లో, ముసలివాళ్లో ఉంటే పలకరింపులు అరుగు మీద పెట్టుకోండి. మీకే దగ్గూ జ్వరమూ ఉంటే శుభలేఖకి ఆశీస్సులు పోస్టులో పంపండి. ఏమీ అనుకోరు. అనుకున్నా ఫరవాలేదు.