నల్లరాయి ముందు కెమేరా

పిల్లలూ! హెడ్మాష్టరుగా పనిచేసి రిటైరైన మనిషికి ఇక నేర్చుకోవలసిన పాఠాలు ఉండవనుకుంటున్నారా? ఈమధ్య ఒక కెమేరా నాకు పాఠం చెప్పింది. ఆ పాఠం జరిగిన చోటు చీమకుర్తి.

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డున సుమారు 20 కిలోమీటర్లు పోతే చీమకుర్తి వస్తుంది. మిరప, పత్తి, పొగాకు చేలు చూసుకుంటూ పోతూండగానే, ఇంటిగదంత నల్లరాళ్ళను మోసుకుంటూ లారీలు ఎదురవుతాయి. అదే గ్యాలక్సీ గ్రానైటు. రాయి నునుపు చేస్తే నల్లని ఆకాశంలో చుక్కల్లాగా బంగారు రంగు మెరుపులు కనిపిస్తాయి. అవి బంగారం కాదు. బ్రాంజైటు అనే ఖనిజపు పలుకులు. వ్యాపారంలో దీన్ని గ్రానైటు అంటారు గాని, నిజానికిది గాబ్రో జాతి రాయి. భూమి లోపల కరిగిన శిలాద్రవం చాలా నెమ్మదిగా చల్లారి ఇలా తయారైంది.

నా పాత శిష్యుడొకడు అక్కడి క్వారీలో పని చేస్తున్నాడు. వాడి తల్లి ఒకనాడు, "మాష్టారూ! పదేళ్ళనుంచి మావాడు ఆ గోతిలోకి దిగుతున్నాడు. లోపల ఏం చేస్తాడో నేనెన్నడూ చూడలేదు. మమ్మల్ని లోపలికి రానివ్వరు గదా!" అన్నది.

"దానికేమమ్మా, నేను వీడియో తీసుకొచ్చి చూపిస్తాను," అన్నాను. నా మనవడి దగ్గర డి.ఎస్.ఎల్.ఆర్. కెమేరా ఉన్న ధైర్యంతో అన్నమాట అది!

క్వారీవారి అనుమతి తీసుకుని, తలకు హెల్మెట్టు పెట్టుకుని వెళ్ళాను. మెట్లు మెట్లుగా తవ్విన పెద్ద గొయ్యి అది. ఒకచోట వజ్రపు పొడి అద్దిన పూసలు గుచ్చిన ఉక్కుతీగె గిరగిర తిరుగుతూ రాతిని కోస్తున్నది. అది వేడెక్కకుండా నీళ్ళు పోస్తున్నారు. తీగె తెగితే పూసలు తూటాల్లా ఎగురుతాయి గనక, దానికి ఎదురుగా ఎవరూ నిలబడరు. ఇంకొకచోట నా శిష్యుడు గాలియంత్రంతో రాతికి రంధ్రం వేస్తున్నాడు.

నేను కెమేరాను కంటికి ఆనించి వీడియో మీట నొక్కాను. వెంటనే అంతా చీకటి! మనవడి కెమేరా పాడు చేశాననుకుని హడలిపోయాను. సంగతేమిటంటే, ఈ కెమేరా లోపల ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్సు గుండా వచ్చిన వెలుతురును అది పైకి, మన కంటికి పంపుతుంది. వీడియో తీసేటప్పుడు ఆ అద్దం పైకి లేచి, వెలుతురును వెనకనున్న సెన్సరు మీదికి వదులుతుంది. అప్పుడు వెనక తెర మీదనే బొమ్మ చూడాలి. 2008లో వచ్చిన నైకాన్ డి90 ఇలా వీడియో తీయగల మొదటి డి.ఎస్.ఎల్.ఆర్.

ఆ సాయంకాలం వీడియో చూసి తల్లి, "ఇది మావాడేనా? ముఖానికి సున్నం కొట్టినట్టున్నదే!" అన్నది. నాకు తల కొట్టేసినట్టయింది.

రాత్రి మనవడు ఫోనులో తప్పు చెప్పాడు. కెమేరాకు నలుపూ తెలుపూ తెలియదు. ఎదుట ఉన్నదంతా సగటున బూడిదరంగులో ఉంటుందని దాని లెక్క. చుట్టూ నల్లరాయి ఉండేసరికి, వెలుతురు చాలలేదనుకుని ఎక్కువ వెలుతురు లోపలికి రానిచ్చింది. రాయి బూడిదరంగుకు తిరిగింది; మనిషి ముఖం తెల్లగా పాలిపోయింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఈసారి లెక్క కెమేరాకు వదలలేదు. లెన్సు రంధ్రపు అంకెను 11 నుంచి 22కు మార్చాను. అంకె పెరిగితే రంధ్రం తగ్గుతుంది. అంకె రెట్టింపయితే వెలుతురు నాలుగో వంతు అవుతుంది. చేతులు వణకకుండా కెమేరాను ముక్కాలిపీట మీద నిలిపాను. తెర మీద రాయి నల్లగా, మనిషి మనిషిలాగా కనిపించారు.

తల్లి రెండో వీడియోను గుడ్లప్పగించి చూసింది. కాని ఆమె చూసింది బంగారు చుక్కలను కాదు. నల్లరాతి ముందు ఎండలో లేస్తున్న తెల్లని దుమ్మును చూసింది. మొదటి వీడియోలో ఆ దుమ్ము వెలుతురులో కలిసిపోయి కనిపించనే లేదు!

"ఒరే, ముక్కుకు కట్టుకోవలసింది మెడకు వేళ్ళాడేసుకున్నావేమిరా? ఆ దుమ్మంతా ఎక్కడికి పోతున్నది?" అని అడిగింది.

వాడు తల వంచుకున్నాడు. "ఉక్కపోస్తుందమ్మా," అన్నాడు మెల్లిగా.

"ఉక్కపోస్తే చెమట పడుతుంది, తుడుచుకోవచ్చు. ఊపిరితిత్తుల్లో పడ్డ రాతిదుమ్మును ఎవరు తుడుస్తారు?" అన్నాను నేను.

తరవాత వారం ఆ దారిన పోతూ వాణ్ణి చూశాను. ముక్కూ నోరూ మూసి మాస్కు కట్టుకునే ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఆ వేళ నా చేతిలో కెమేరా లేదు.

పిల్లలూ! మీరూ ఎప్పుడైనా వీడియో తీస్తారు. మీట నొక్కేముందు వెలుతురు సరిచూసుకోండి. వెలుతురు తక్కువైతేనే కాదు, ఎక్కువైనా నిజం కనిపించదు.