మా అంబాసిడర్ నేర్పిన పాఠం
మా అంబాసిడర్ కారును 1984లో కొన్నాను. ఉత్తరపారాలో ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. మాది మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. పిల్లలను బడికీ, మా తల్లిగారిని చివరిసారి ఆసుపత్రికీ అందులోనే తీసుకువెళ్ళాను. అందుకే దానిని అమ్మడానికి మనసొప్పలేదు. రేడియేటరులో నీరు చూడటం, ప్లగ్గులు శుభ్రపరచటం, కార్బురేటర్ సరిచేయటం ఉద్యోగ విరమణ తరువాత నా ఉదయపు వ్యాపకాలు.

ఒక పుష్యమాసపు ఉదయం, చలికి షెడ్డు తలుపు మూసి, ఇంజను నడుస్తుండగా కార్బురేటర్ సరిచేస్తున్నాను. కొంతసేపటికి తలనొప్పి, వికారం మొదలయ్యాయి. నిద్ర చాలలేదనుకున్నాను. కాళ్ళు తేలిపోతున్నా బయటకు వెళ్ళాలని తోచలేదు. కాఫీ తెచ్చిన మా శ్రీమతి తలుపు తెరవకపోతే నేడు ఈ మాటలు వ్రాసేవాడిని కాను.

కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. దానిని తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ పాత కార్లకు ఉండదు. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు కూడా ఈ విషాన్ని గుర్తించలేదు. అంకె మామూలుగానే కనిపించవచ్చు.

ఇతరుల రోగాలను పోల్చగలిగిన నేను నా లక్షణాలనే పోల్చలేకపోయాను. ఆ వాయువు ముందుగా హరించేది మన వివేకాన్నే. ఇప్పుడు తలుపులు బార్లా తెరిచి, కారును ఆరుబయటకు తెచ్చిన తరువాతే పనిముట్లు పట్టుకుంటాను.

ఇంజను నడుస్తున్నచోట తల నొస్తే కారణం ఆలోచిస్తూ కూర్చోకండి. ముందు బయటకు రండి. ఆ పైన ఆసుపత్రికి వెళ్ళండి.